అనుమానం కాదు, సందేహం

కడుపు మూసేముందు లెక్క చూడటం లెక్కలమ్మ పని. ఆపరేషన్ థియేటర్లో బల్ల పక్కన నిలబడే నర్సు ఆమె. లోపలికి ఎన్ని కత్తెర్లు వెళ్ళాయి, ఎన్ని సూదులు వెళ్ళాయి, రక్తం అద్దే గుడ్డలు ఎన్ని వెళ్ళాయి, వెళ్ళినవన్నీ తిరిగొచ్చాయా లేదా చూసుకునే మనిషి. ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదోనని సగం మెట్లు దిగి మళ్ళీ పైకెక్కే మనిషి కూడా. పెద్ద డాక్టరు గారు ఒకసారి నవ్వుతూ పెట్టిన ఆ పేరు ఆస్పత్రంతా పాకి, అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాకుండా చేసింది.

ఆ రోజు బల్ల మీద ఉన్నది గడియారాలు బాగుచేసే ఆయన. పేగుకు చిల్లు పడి, కడుపు చెక్కలా బిగుసుకుపోతే భార్య ఆటోలో వేసుకుని తెచ్చింది. తెరిచి చూస్తే లోపలంతా చీము. రక్తం కూడా అనుకున్నదానికంటే ఎక్కువే పోయింది. పెద్ద డాక్టరు గారు ఇటువైపు, ఆయన కింద పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరమ్మ అటువైపు. గుడ్డ మీద గుడ్డ లోపలికి వెళ్తోంది, ఎర్రగా నాని బయటికొస్తోంది, పక్కనున్న బకెట్లో పడుతోంది. చిల్లు పూడ్చి ఆఖరి ముడి వేస్తుండగా దారం పెద్ద డాక్టరు గారి వేళ్ళలోంచి జారింది. ఆయన మళ్ళీ అందుకున్నారు. మళ్ళీ జారింది. చిన్న డాక్టరమ్మ చెయ్యి చాపబోయి ఆగింది. లెక్కలమ్మ చూపు దించుకుని, అప్పటికే సర్దివున్న కత్తెర్లను మళ్ళీ సర్దింది.

మూసేముందు లెక్క చూసింది.

"ఒకటి తక్కువండీ," అంది.

పెద్ద డాక్టరు గారు తలెత్తలేదు. "మళ్ళీ చూడండి."

బల్లను ముట్టుకోకుండా బయటిపని చూసే పొడుగు సిస్టరు బకెట్టు మీదికి వంగింది. పట్టకారుతో ఒక్కో గుడ్డనూ ఎత్తి, విదిల్చి, కింద పరిచిన షీటు మీద పెట్టి, పెట్టినవి పెట్టినట్టే పసుపు సంచిలో వేస్తోంది. అలా వెంటవెంటనే వెయ్యకూడదు. ఇద్దరూ చూశాకే వెయ్యాలి. లెక్కలమ్మ ఆ మాట అనేలోపే తలవైపునుంచి మత్తు డాక్టరు గొంతు వినిపించింది.

"బీపీ దిగుతోంది సార్. ఇంకెంతోసేపు ఉంచలేం."

ఆమె అటు తిరిగింది. ఇటు తిరిగేసరికి పొడుగు సిస్టరు నడుం ఎత్తి, "దొరికిందండీ. రెండు అతుక్కుపోయాయి. లెక్క సరిపోయింది," అంది. ఆ రెండూ సంచిలో పడిపోయాయి.

"సరిపోయింది కదా. ఇవ్వు," అన్నారు పెద్ద డాక్టరు గారు.

దారం ఎక్కించిన సూది లెక్కలమ్మ చేతిలోనే ఉంది. ఇవ్వలేదు.

"సార్, నాకు సందేహంగా ఉంది. ఒక్కసారి లోపల చూస్తారా?"

"చూశాను."

"మళ్ళీ ఒక్కసారి..."

అప్పుడాయన తలెత్తారు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "నామీద అనుమానమా?"

ఆ మాట గట్టిగా ఏమీ అనలేదు. అయినా గదిలో అందరి చేతులూ ఒక్క క్షణం ఆగిపోయాయి. లెక్కలమ్మకు చెవులు వేడెక్కాయి. "అయ్యో, అనుమానం కాదండీ," అంది.

"అయితే ఇవ్వు."

ఇచ్చింది.

పేషెంటును బయటికి తీసుకెళ్ళాక, చేతులైనా సరిగా తుడుచుకోకుండా పసుపు సంచి కోసం వెతికింది. తలుపు పక్కన లేదు. వరండా చివర చెత్త సంచులు దాచే గదిలో లేదు. వెనకమెట్లు దిగి పెరట్లోకి వెళ్తే, గేటు దగ్గర చెత్త వ్యాను మలుపు తిరుగుతూ కనిపించింది. "అమ్మా, ఇప్పుడే ఎత్తారు," అన్నాడు వాచ్‌మన్, ఆమె పరుగు చూసి. "ఏమైనా పారేసుకున్నారా? బంగారమా?"

"ఏం లేదు," అంది ఆమె. వ్యాను కనుమరుగయ్యేదాకా చూసి మెట్లెక్కింది.

*

ఇంటికొచ్చాక కూతురు పుస్తకం పట్టుకుని పక్కన కూర్చుంది. ఆరో తరగతి.

"అమ్మా, సందేహానికి పర్యాయపదాలు అనుమానం, సంశయం, శంక. రైటేనా?"

లెక్కలమ్మ కూరగాయలు తరుగుతున్నదల్లా ఆగింది. "ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది. అన్నిటికీ ఒకటే అర్థమట."

"ఒకటి కాదు."

"మరి రాయొద్దా? మార్కు పోతుంది."

కొంచెంసేపు ఆలోచించి, "రాసెయ్," అంది లెక్కలమ్మ.

భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. వ్యాను కడిగి, ప్యాంటు అంచులు మడిచినవి మడిచినట్టే లోపలికొచ్చి, భార్య మొహం చూడగానే "ఏమైంది?" అన్నాడు. చెప్పింది. విన్నాడు. ఆయనకు ఆస్పత్రి మాటలు సగమే అర్థమవుతాయి గానీ, భార్య మాటలు పూర్తిగా అర్థమవుతాయి.

"లెక్క సరిపోయిందన్నారుగా."

"నేను చూడలేదండీ. ఆ రెండూ విడదీసింది నా కళ్ళతో చూడలేదు."

"ప్రపంచంలో ఉన్నవన్నీ నీ కళ్ళతోనే చూడాలంటే ఎలా? నా వ్యానులో పిల్లలు దిగారో లేదో ఆయా చెబుతుంది. నేను నమ్ముతాను."

"మీరు నమ్మరు. దిగి సీట్ల కింద చూస్తారు."

ఆయన నవ్వాడు. కాళ్ళు కడుక్కొచ్చి కూర్చుని, కాసేపయ్యాక, తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నాడు. "అది సరే గానీ, మీ పెద్ద డాక్టరంటే నీకు దేవుడితో సమానం కదా. ఆయన 'చూశాను' అన్నాక కూడా నువ్వు మళ్ళీ అడిగావంటేనే నాకు వింతగా ఉంది."

లెక్కలమ్మ కత్తిపీట కడిగి గోడకి ఆనించింది. గ్యాసు కట్టేసిందో లేదో చూసుకుంది. కట్టేసే ఉంది.

*

మర్నాడు థియేటర్ బోర్డు మీద తన పేరు ఉండాల్సిన చోట పొడుగు సిస్టరు పేరుంది.

మేట్రన్ గదిలో ఆమెకు కుర్చీ చూపించలేదు. మేట్రన్ చెడ్డ మనిషి కాదు. నర్సుల పెళ్ళిళ్ళకు సెలవులు ఇప్పించి, పురుళ్ళకు తానే దగ్గరుండి చూసుకునే మనిషి. కానీ ఆస్పత్రి పేరుకు మచ్చ వస్తుందనిపిస్తే ఆవిడకు నిద్ర పట్టదు.

"డాక్టర్ గారు నాతో ఏమీ అనలేదు. ముందే చెబుతున్నాను. నేనే మార్చాను. కొన్నాళ్ళు స్టెరిలైజేషన్ గదిలో ఉండు."

"మేడం, నేనేం తప్పు చేశాను?"

"తప్పని ఎవరన్నారు? అందరి ముందూ ఆయన్ని అలా నిలదీస్తే బాగుంటుందా? ఆ వయసులో, ఆ పేరున్న మనిషిని. నీకు అనుమానం ఉంటే తర్వాత నా చెవిన వెయ్యొచ్చు కదా."

"తర్వాత వేస్తే ఏం లాభం మేడం, కడుపు మూసేశాక. అయినా అది అనుమానం కాదండీ. సందేహం."

"రెండిటికీ తేడా ఏంటమ్మా?"

లెక్కలమ్మ ఆ ప్రశ్నకు ముందే సిద్ధంగా ఉన్నట్టు చెప్పింది. "అనుమానం మనిషి మీద వస్తుంది. సందేహం పని మీద వస్తుంది. నాకు ఆయన మీద ఏమీ లేదు. లెక్క మీదే."

మేట్రన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "బాగానే చెప్పావు. కానీ వినేవాళ్ళకి రెండూ ఒకలాగే వినబడతాయి. వెళ్ళు."

స్టెరిలైజేషన్ గది కింది అంతస్తులో ఉంటుంది. కిటికీ లేదు. ఒక మూల ఆవిరి యంత్రం బుసకొడుతూ ఉంటుంది. ఉతికొచ్చిన ఆకుపచ్చ గుడ్డల్ని నాలుగు మడతలు వేసి, రక్తం అద్దే గుడ్డల్ని కట్టలు కట్టి, ఉక్కు డబ్బాల్లో పెట్టి యంత్రంలోకి పంపాలి. రక్తం అద్దే ప్రతి గుడ్డకీ ఒక మూల నీలంరంగు దారం కుట్టి ఉంటుంది. లోపల ఉండిపోతే ఎక్స్‌రేలో కనబడేది ఆ దారమే. లెక్కలమ్మ ఆ పూటంతా కట్టలు కడుతూ ప్రతి గుడ్డ మూలనూ వేలితో తడిమి చూసింది. దారం లేని గుడ్డ ఒక్కటీ లేదు. అయినా మనసు నిలవలేదు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె వార్డులోకి వెళ్ళింది.

గడియారాల ఆయన మెలకువగానే ఉన్నాడు. ముక్కులో గొట్టం, చేతికి సెలైను. కడుపు కొంచెం ఉబ్బుగా ఉంది. అది మామూలే. ఒంటిమీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. అదీ మామూలే అనుకోవచ్చు.

"నొప్పి ఎలా ఉంది?" అని అడిగింది.

"ఆ గోడమీది గడియారం వెనకబడి నడుస్తోందమ్మా," అన్నాడాయన నీరసంగా. "నన్ను లేవనిస్తే సరిచేస్తాను. దాన్ని చూస్తుంటే నొప్పి ఎక్కువవుతోంది."

భార్య నవ్వింది, కానీ కళ్ళల్లో నవ్వు లేదు. గుండ్రటి మొహం, చేతులకు పిండి అంటిన మనిషిలా ఎప్పుడూ కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఉంటుంది. లెక్కలమ్మ వెనకే గుమ్మందాకా వచ్చింది. "సిస్టరమ్మా, మీరు లోపలున్నారు కదా. అంతా బాగానే జరిగిందా?"

"బాగానే జరిగింది," అంది లెక్కలమ్మ. అన్నాక కూడా గుమ్మం దాటలేకపోయింది. "జ్వరం పెరిగితే మాత్రం నాకు కబురు చెయ్యండి. కింద ఉంటాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మెట్లు దిగుతూ వెనక్కి చూస్తే ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

*

కబురు మర్నాడు సాయంత్రం వచ్చింది. జ్వరం బాగా ఎక్కింది. రెండుసార్లు వాంతయింది. ఊపిరి పైపైన తీస్తున్నాడు. పొద్దున పెద్ద డాక్టరు గారు రౌండుకు వచ్చి కడుపు నొక్కిచూసి, మందు మార్చి వెళ్ళారట. వార్డు నర్సు ఆ మాట చెబుతూ లెక్కలమ్మ మొహంలోకి అదోలా చూసింది. ఆ చూపుకు అర్థం ఆమెకు తెలుసు. థియేటర్లో జరిగింది అప్పటికే వార్డుల్లోకి చేరింది.

గడియారాల ఆయన భార్య ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. "మీరు జ్వరం పెరిగితే అని ఎందుకన్నారు? పెరుగుతుందని మీకు ముందే తెలుసా? నిజం చెప్పండమ్మా. లోపల ఏమైనా అయ్యిందా?"

ఆవిడకు ఏం చెప్పాలి? ఉందో లేదో తెలియని గుడ్డముక్క గురించి చెప్పి ఆవిడ గుండెల మీద రాయి పెట్టాలా? చెప్పకుండా రేపటికి ఆ మనిషి లేకుండా పోతే, ఆ రాయి తాను మొయ్యగలదా? లెక్కలమ్మ తన చెయ్యి విడిపించుకోలేదు. "ఇప్పుడే వస్తాను. ఆయన్ని కదపకండి," అంది.

పెద్ద డాక్టరు గారి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టింది. జవాబు రాకముందే తోసింది, అంత తొందరలో ఉంది.

ఆయన కుర్చీలో పక్కకు తిరిగి కూర్చున్నారు. సొరుగు పిడికి నల్లదారం చుట్టి ముడులు వేస్తున్నారు. కొత్తగా పనిలో చేరిన కుర్ర డాక్టర్లు అలా చేస్తారు, వేళ్ళకు అలవాటు కావడానికి. ఆ పిడికి వేలాడుతున్న ముడుల్లో సగం వదులుగా ఉన్నాయి. ఆమెను చూసి ఆయన దారం తెంపలేదు, దాచలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఊఁ."

"సార్, గడియారాల ఆయనకి జ్వరం ఎక్కువైంది. ఒక ఎక్స్‌రే తీయిస్తే..."

"అనుమానం తీరలేదన్నమాట."

"సందేహమండీ."

"ఏదో ఒకటి." ఆయన కళ్ళు మూసి తెరిచారు. "తీయించు. నువ్వే తీసుకెళ్ళు. ఛాతీ కూడా కలిపి తియ్యమను. వేరేవాళ్ళు తీసుకెళ్తే మళ్ళీ నువ్వు చూడలేదంటావు."

ఆ చివరి మాట పొడిచినట్టే తగిలింది. ఓర్చుకుని బయటికొచ్చింది.

చక్రాల మంచం తానే తోసింది. ఒక చక్రం బిగుసుకుని ప్రతి అడుక్కీ ఎడమవైపుకు లాగుతోంది. పక్కన ఆ భార్య సెలైను సీసా ఎత్తి పట్టుకుని నడుస్తోంది. గడియారాల ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, గడియారం ఊసే లేదు. ఎక్స్‌రే గదిలో మంచం మీదినుంచి బల్ల మీదికి మార్చినప్పుడు ఆయన గట్టిగా మూలిగాడు.

ఫిల్ము చేతికొచ్చేసరికి పెద్ద డాక్టరు గారు తానే దిగివచ్చారు. వెనక మేట్రన్. చిన్న డాక్టరమ్మ. ఎందుకొచ్చారో తెలియనట్టు మరో ఇద్దరు. వెలుతురు పెట్టె మీద ఫిల్ము తగిలించారు. బూడిదరంగు మబ్బుల్లా పేగులు, తెల్లగా వెన్నెముక. లెక్కలమ్మ ఆ తెలుపులో ఒక సన్నటి వంకర గీత కోసం వెతికింది. పైనుంచి కిందికి. కిందినుంచి పైకి. నడుం ఎముకల గిన్నెలోకి. కాలేయం కిందికి.

గీత లేదు.

"చూశావా?" అన్నారాయన.

"చూశానండీ."

"నీ కళ్ళతో."

"నా కళ్ళతో."

ఆయన ఛాతీ ఫిల్ము వైపు వేలు చూపించారు. ఊపిరితిత్తుల అడుగున పొగ కమ్మినట్టుంది. "నెమ్ము. నొప్పికి భయపడి దగ్గట్లేదు, గట్టిగా ఊపిరి తియ్యట్లేదు. దగ్గించండి. లేపి కూర్చోబెట్టండి." అంతే అని వెళ్ళిపోయారు. మేట్రన్ లెక్కలమ్మ వైపు చూడకుండా ఆయన వెనకే వెళ్ళింది.

కడుపు మీద దిండు అదిమిపట్టుకుని దగ్గడం గడియారాల ఆయనకు లెక్కలమ్మే నేర్పింది. ఒక్కో దగ్గుకూ ఆయన ఆమెను, ఆస్పత్రిని, తన పుట్టుకను తిట్టుకున్నాడు. తెల్లారేసరికి జ్వరం దిగింది.

*

ఆ తర్వాత రోజు క్యాంటీన్లో ఆమె టీ గ్లాసు పట్టుకుని కూర్చోగానే పక్క బల్ల దగ్గర మాటలు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. "లెక్కలమ్మ పప్పులో కాలేసిందట," అన్నారెవరో. "పేరు మార్చాలి ఇక." పొడుగు సిస్టరు మాత్రం నవ్వలేదు. వచ్చి ఎదురుగా కూర్చుని, "అక్కా, ఆ రెండూ నిజంగానే అతుక్కున్నాయి. నీకు చూపించకుండా సంచిలో వెయ్యడం నాదే తప్పు," అంది.

"పోనీలే అమ్మా," అంది లెక్కలమ్మ.

మనిషి బతికాడు. అంతకంటే ఏం కావాలి? కావలసింది అదే. ఎవరు నవ్వితే ఏం? కానీ కిటికీలేని గదిలో గుడ్డలు మడుస్తుంటే నవ్వులు కాదు, భర్త అడిగిన మాట చెవిలో తిరుగుతోంది. దేవుడితో సమానమైన మనిషి చూశానంటే నువ్వెందుకు మళ్ళీ అడిగావు?

లెక్క తప్పినందుకా? ఇంతకుముందు ఎన్నిసార్లో లెక్క తప్పింది, మళ్ళీ చూస్తే సరిపోయింది. అతుక్కున్న గుడ్డలు ఆమెకు కొత్త కాదు. అప్పుడెప్పుడూ ఆయన "చూశాను" అంటే ఆమె సూది ఇచ్చేసింది. ఆ రోజే ఇవ్వలేదు. చేతిలోని గుడ్డను మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. అదే ముడి చిన్న డాక్టరమ్మ వేసి ఉంటే, వేళ్ళు జారకుండా వేసి ఉంటే, తాను అడిగేది కాదు. అడగడానికి ముందు ఆమె చూసింది బకెట్టును కాదు. ఆయన బొటనవేలిని. ఎండాకాలం నుంచీ ఆ వేలిని చూస్తూనే ఉంది. కత్తి పట్టినప్పుడు బాగానే ఉంటుంది. సన్నటి దారం పట్టినప్పుడు వణుకుతుంది.

మేట్రన్‌తో ఎంత ధీమాగా చెప్పింది, నాకు ఆయన మీద ఏమీ లేదని. లెక్కలమ్మకు ఒళ్ళంతా సిగ్గు పాకింది. గుడ్డలు పక్కన పెట్టి లేచింది.

పెద్ద డాక్టరు గారు ఇంటికి బయలుదేరబోతున్నారు. చొక్కా చేతులు దించి గుండీ పెట్టుకుంటున్నారు. ఎడమచేత్తో పెట్టుకున్న గుండీ పడింది. కుడిచేత్తో పెట్టుకోవాల్సిన రెండోది పడటం లేదు. ఆమె గుమ్మంలో నిలబడిపోయింది, సాయం చెయ్యాలో వద్దో తెలియక. ఆయన ఆ గుండీ అలాగే వదిలేశారు.

"మళ్ళీ ఏమొచ్చింది?"

"క్షమించమని అడగడానికొచ్చానండీ."

"ఎందుకు? ఎక్స్‌రే తీయించి మంచిపని చేశావు. నెమ్ము బయటపడింది."

"దానికి కాదండీ. మేడంతోనూ మీతోనూ సందేహం అన్నాను. అబద్ధం. మీ చెయ్యి..." నీళ్ళు నమిలింది. "మీ చెయ్యి చూసి అడిగాను. లెక్క చూసి కాదు. అది అనుమానమే."

ఆయన కూర్చోమన్నట్టు చెయ్యి చూపించారు. ఆమె కూర్చోలేదు. ఆయనే కూర్చున్నారు. వరండాలో ఎవరో మందుల బండి తోసుకుంటూ పోయారు. ఆ చప్పుడు పోయేదాకా ఆగారు.

"ఆ రోజు నువ్వు లోపల చూడమన్నప్పుడు నేనేమన్నాను?"

"చూశానన్నారు."

"చూడలేదు."

లెక్కలమ్మకు విన్నది సరిగా విన్నానా అనిపించింది.

"మూసేముందు చెయ్యి పెట్టి నాలుగు మూలలా తడమాలి. నా గురువు చేత తన్నులు తిని నేర్చుకున్నాను ఆ పని. ఆ రోజు చెయ్యలేదు. ముడి వెయ్యడానికే వేలు చచ్చిపోయింది. మళ్ళీ లోపలికి పెడితే వణుకుతుంది, ఎదురుగా ఉన్న చిన్న డాక్టరమ్మ చూస్తుంది. అందుకని చూశాను అనేశాను." ఆయన ఎదురుగా ఉన్న ఫిల్ము కవరు మీద చెయ్యి వేశారు. "అందరూ ఈ ఎక్స్‌రే నన్ను గెలిపించిందనుకుంటున్నారు. లోపల గుడ్డ లేదని చెప్పింది ఇది. నేను చూశానని చెప్పలేదు."

"సార్, మీరు అలా..."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు? వేలు సంగతి."

"ఎండాకాలం నుంచండీ."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదండీ," అంది ఆమె వెంటనే. ఆ ఒక్క విషయంలోనైనా తప్పు చెయ్యలేదన్న ఊరట ఆ గొంతులో ఉంది. "ఒట్టు. మా ఇంట్లో కూడా చెప్పలేదు. మీ పరువు..."

"నా పరువు సరే. ఎండాకాలం నుంచి ఆ బల్ల మీద పడుకున్నవాళ్ళ సంగతి?"

సొరుగు పిడికి నల్లదారం ఇంకా వేలాడుతోంది.

"సందేహం వస్తే అక్కడికక్కడే అడిగావు. దానికి నిన్ను కింది గదికి పంపించారు. అనుమానం వస్తే మాత్రం ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకున్నావు. దానికి ఎవరూ నిన్ను ఏమీ అనరు. మర్యాదస్తురాలంటారు." ఆయన కోపంగా అనడం లేదు. అలిసిపోయిన మనిషి దారి చెబుతున్నట్టు అంటున్నారు. "అడగాల్సింది నన్నే. 'డాక్టరుగారూ, మీ వేలు వణుకుతోంది' అని. నువ్వు అంటావేమోనని రోజూ భయపడ్డాను. అనకపోతే బాగుండునని కోరుకున్నాను. నువ్వు అనలేదు. ఇద్దరం కలిసే దాచాం."

క్షమాపణ అడిగి తేలికపడి వెళ్దామని వచ్చిన మనిషి, ఆ గదిలోంచి ఇంకా బరువెక్కి బయటికొచ్చింది. మెట్ల దగ్గర ఆగి గోడకి ఆనుకుంది. ఎండాకాలం నుంచి ఆ బల్ల మీద పడుకున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. అందరూ గుర్తురాలేదు.

*

ఆ మాటలైన రెండో రోజు పొద్దున మేట్రన్ కింది గదికి తానే వచ్చింది. పెద్ద డాక్టరు గారు తనతోనూ, ఆస్పత్రి పెద్దలతోనూ ఏం మాట్లాడారో చెప్పలేదు గానీ, ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పైకి రా. నువ్వు కావాలన్నారు," అంది. గుమ్మం దాటుతూ, "నాకూ కనబడింది ఆ వేలు," అంది మెల్లగా, ఎటో చూస్తూ.

బల్ల మీద ఒక పోస్ట్‌మన్, గజ్జల్లో హెర్నియా. చిన్న ఆపరేషనే. లెక్కలమ్మ చేతులు మోచేతులదాకా తోముకుని, గౌను తొడుక్కుని, తన చోట నిలబడింది. ట్రేలో అన్నీ వరసగా పేర్చింది. లెక్క పైకి చదివింది. పొడుగు సిస్టరు తిరిగి చదివింది.

పెద్ద డాక్టరు గారు వచ్చారు. చేతులు తడిగా, గుండెల ముందు ఎత్తి పట్టుకుని. గ్లౌజులు తొడిగించుకున్నారు. ఎప్పుడూ నిలబడే వైపుకు రెండడుగులు వేసి, ఆగి, బల్ల చుట్టూ తిరిగి అటువైపుకు వెళ్ళారు. చిన్న డాక్టరమ్మ ఎక్కడ నిలబడాలో తెలియనట్టు చూసింది. ఆయన గడ్డంతో ఇటువైపు చూపించారు. ఆ పిల్ల వచ్చి నిలబడింది. నుదుటి మీద అప్పుడే చెమట.

మత్తు డాక్టరు తల ఊపాడు.

లెక్కలమ్మ కత్తి తీసింది. తీసిన చెయ్యి ఏమీ ఆలోచించకుండా బల్లకు అవతల ఉన్న ఆయన వైపుకు వెళ్ళిపోయింది. గాలిలో ఆగింది. ఆయన చెయ్యి చాపలేదు. మాస్కు పైన కళ్ళు మాత్రం నెమ్మదిగా చిన్న డాక్టరమ్మ వైపు కదిలాయి. తర్వాత గాయం అంచును పట్టి ఉంచే కొక్కెం తానే అందుకున్నారు. ఆ పని ఇన్నేళ్ళుగా ఆ పిల్ల చేసింది. ఉక్కు పిడి మీద బొటనవేలు సన్నగా అదురుతోంది. ఆయన దాన్ని రెండో చేత్తో కప్పలేదు.

లెక్కలమ్మ ఇటు తిరిగి, చాచిన చిన్న చేతిలో కత్తి పెట్టింది.

"కొంచెం గట్టిగా పెట్టండి సిస్టర్," అంది చిన్న డాక్టరమ్మ. "చేతికి తెలియట్లేదు."

"సరే డాక్టరమ్మా," అంది లెక్కలమ్మ. తర్వాత అందించిన కత్తెర ఆ అరచేతిలో చప్పుడయ్యేంత గట్టిగా పెట్టింది.